చవిపట్టీ

ఇందుజ చూపుడువేలికి చుట్టి ఉన్న గుడ్డపట్టీ సన్నగా వణికింది. పుస్తకం మార్చమని దాని అర్థం. ఆ పిల్ల చదువుతున్న వాక్యం మధ్యలోనే ఆగి, పుస్తకాన్ని బల్ల అవతలికి తోసి, గోడవార పేర్చిన దొంతరలోంచి పట్టీ మీద వెలిగిన సంఖ్య వెతికి మరొకటి తీసుకుంది. వంకాయ ముక్కల గిన్నెతో వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న తల్లి హైమవతికి ఆ తోసిన తీరు ఎక్కడో గుచ్చుకుంది. విసుగుతో తోసి ఉంటే ఆమె పట్టించుకునేది కాదు. తొమ్మిదేళ్ల పిల్లకు విసుగు సహజం. ఇందులో విసుగు కూడా లేదు. బస్సు దిగినవాళ్లు టికెట్టు వదిలేసినట్టు వదిలేసింది.

"అది బాలేదా అమ్మా?" అని అడిగింది హైమవతి.

"ఏమో."

"ఏమో ఏంటి? పదిహేను పేజీలు చదివావుగా. ఎవరున్నారు అందులో?"

"ఒక ఒంటె... కాదు, ఒంటె ముందు దాంట్లో." ఇందుజ కొత్త పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "తెలీదమ్మా. పట్టీ మార్చమంది."

ఆ పట్టీని తయారు చేసింది హైమవతే. చవిపట్టీ అని పేరు పెట్టిందీ ఆమే. కాకినాడలో ఉప్పుటేరుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ప్రయోగశాలలో పదకొండేళ్లపాటు ఆమె ఒకే ప్రశ్నను పట్టుకు కూర్చుంది: పిల్లలకు పుస్తకం నచ్చిన క్షణం శరీరంలో ఎక్కడ కనబడుతుంది? కళ్లలో వెతికింది, ఊపిరిలో వెతికింది, చివరికి వేలికొసన పట్టుకుంది. కథలో ఒకానొక చోటికి రాగానే ఊపిరి లిప్తపాటు నిలుస్తుంది. నాడి ఒక్క దెబ్బ తడబడుతుంది. ఆ వెంటనే వేలికొస వెచ్చబడుతుంది. ఈ మూడూ అదే వరుసలో వస్తే దాన్ని ఆమె మెరుపు అంది. ఏ పుస్తకంలో ఏ పేజీ దగ్గర ఎటువంటి పిల్లలకు మెరుపు వచ్చిందో పటం గీసి పెట్టుకుంటే, కొత్తగా వచ్చిన పిల్లకు ఏది ఇవ్వాలో యంత్రమే చెప్పగలదు. పదిహేను పేజీలలో ఒక్క మెరుపూ రాకపోతే పట్టీ వణికి మరో పుస్తకం సూచిస్తుంది. నచ్చని పుస్తకంతో కుస్తీ పట్టి, చదువంటేనే మొహం మొత్తిన పిల్లలను ఆమె చాలామందిని చూసింది. ఇకపై ఏ పిల్లకూ ఆ గతి పట్టకూడదన్నది ఆమె పట్టుదల.

ఏడు నెలల కిందటి వరకు ఇందుజ ఇలా ఉండేది కాదు. పుస్తకం చేతిలో పట్టుకుని తల్లి వెనకాలే వంటింట్లోకి, పెరట్లోకి, స్నానాలగది తలుపు దాకా నడిచి వచ్చేది. "అమ్మా విను, వినమ్మా, ఇక్కడ ఏమవుతుందో తెలుసా" అంటూ కూర మాడిపోయేదాకా కథ చెప్పేది. తండ్రి సముద్రంలో చమురు బావి మీద ఉద్యోగి. నెలలో సగం రోజులే ఒడ్డున ఉంటాడు. కాబట్టి వినవలసిన వంతు ఎప్పుడూ హైమవతిదే. నివేదిక గడువు ముంచుకొచ్చిన ఒక సాయంత్రం ఆమె ఓపిక నశించి కూతురి వేలికి పట్టీ చుట్టింది. "ఇక నీకేది నచ్చుతుందో ఇదే చెబుతుంది తల్లీ, నన్ను వదిలిపెట్టు" అంది. మర్నాటి నుంచి ఇల్లు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దాన్ని ఆమె తన పరికరం సాధించిన మొదటి విజయంగా లెక్కవేసుకుంది.

ఆ సాయంత్రం అన్నాలయ్యాక హైమవతి కూతురి పట్టీలో నిలవైన వివరాలు తెరిచి చూసింది. ఏడు నెలల్లో తెరిచిన పుస్తకాలు నూట నలభై మూడు. ముగించినవి నాలుగు.

*

"రఫియా, మనం పట్టీలు ఇచ్చి చూసిన పన్నెండు బళ్ల నివేదికలో తెరిచిన పుస్తకాలే చూపించాం. ముగించినవి ఎందుకు చూపించలేదు?"

రఫియా ఆ ప్రయోగశాలలో రెండో మనిషి. కర్నూలు నుంచి వచ్చి అయిదేళ్లయింది. అడిగిన మాటకు సూటిగా జవాబు చెప్పడం ఆమెకు అలవాటు; అదే ఆమెకు చాలాచోట్ల చేటు తెచ్చింది.

"మీరే వద్దన్నారు కద మేడమ్. ముగించడం క్రమశిక్షణకు గుర్తు, ఆనందానికి కాదు అన్నారు. బాగుందని నేను బోర్డు మీద కూడా రాసి పెట్టినా. ఇంకా ఉంది చూడండి."

హైమవతి బోర్డు వైపు చూడలేదు. "ఇప్పుడు తియ్యి."

రఫియా తీసింది. చవిపట్టీ వచ్చాక పిల్లలు తెరిచే పుస్తకాల సంఖ్య ఆరు రెట్లు పెరిగింది. నివేదిక చదివి, ఖర్చు భరిస్తున్న బాలపఠన సంఘంవారు మురిసిపోయింది ఆ అంకెను చూసే. ముగించే పుస్తకాలు మాత్రం మునుపటిలో అయిదో వంతుకు పడిపోయాయి. పైగా నెలనెలా పడుతూనే ఉన్నాయి.

ఎనిమిది వేల బళ్లకు చవిపట్టీలు పంపే ఉత్తర్వు తయారై ఉంది. పంతొమ్మిదో తేదీన సంఘం అధ్యక్షులు స్వయంగా వస్తున్నారు. ఈ పరికరం కొలవవలసినదాన్నే కొలుస్తోందని హైమవతి ప్రామాణికత పత్రం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే ఒక్క పట్టీ కూడా కదలదు. ఆ రోజుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"మెరుపుకు పెట్టిన హద్దుగీత కిందికి దించుదామా?" అంది రఫియా. "చిన్న మెరుపులు కూడా లెక్కలోకి వస్తాయి. అప్పుడు పట్టీ అంత తొందరగా వణకదు."

దించి చూశారు. అప్పుడు ఫ్యాను గాలికీ, దోమ కాటుకీ కూడా పట్టీ మెరుపు చూపించింది. గీతను యథాస్థానానికి చేర్చారు. పరికరంలో లోపం లేదు. మెరుపు రావలసిన చోట రావడం లేదు, అంతే. మరి మొదట్లో, పటం గీసినప్పుడు, నాలుగు వందల పన్నెండు మంది పిల్లలకు అంత ధారాళంగా ఎలా వచ్చింది? కారణం పుట్టిన చోటికే వెళ్లి వెతకడం హైమవతి పద్ధతి. ఆమె రెండు పట్టీలు సంచీలో వేసుకుని పటం గీసిన చోటికి బయలుదేరింది.

*

జగన్నాథపురం వంతెన దిగి ఎడమకు తిరిగితే, పడవలు బాగుచేసే షెడ్ల వరస చివర పేర్రాజు మాస్టారి బాలల గ్రంథాలయం ఉంది. ఆయన బడిపంతులు కారు. ముప్ఫయ్యేళ్లు రేవులో ఓడలను లాగే టగ్గు మీద ఇంజను పని చేస్తూ, సాయంత్రాలు ఈ గది తెరిచేవారు. అప్పట్లో పుస్తకాలు అరవై, పిల్లలు నూట ఇరవై. అందుకని ఒక నియమం పెట్టారు: ఒక్క కార్డుకు పుస్తకం ఇవ్వరు. ఇద్దరు పిల్లలు రెండు కార్డులు కలిపి తెస్తేనే ఒక పుస్తకం. అరవై కాస్తా నాలుగు వేలయ్యాయి గానీ నియమం అలాగే ఉండిపోయింది. హైమవతి కూడా ఏడేళ్ల వయసు నుంచి జంటకార్డు మీదే చదివింది. ఆమె జత వరలక్ష్మి పేజీ తిప్పడానికి తొందరపడేది. హైమవతి తిప్పనిచ్చేది కాదు.

డెబ్బయ్యారేళ్ల పేర్రాజు గారు కిటికీ పక్కన కూర్చుని పిల్లల పుస్తకమే చదువుకుంటున్నారు. ఆయన ఇంకేమీ చదవరు.

"రావమ్మా హైమా. మొహం అలా పీక్కుపోయిందేంటి? సుఖంగా ఉన్నావా?"

"ఉన్నాను మాస్టారూ. మీరింకా ఇవే చదువుతున్నారా? పెద్దవాళ్ల పుస్తకాలు ఎప్పుడు మొదలెడతారు?"

"పెద్దాళ్ల పుస్తకాల్లో ఎవడూ చెట్టెక్కడమ్మా. అందరూ కుర్చీల్లో కూర్చుని బాధపడిపోతుంటారు. నాకెందుకది?"

హైమవతి నవ్వి, పటంలో అన్నిటికన్నా ఎక్కువ మెరుపులు నమోదైన పుస్తకాన్ని అరలోంచి తీసింది. పేరు 'ఎడమకాలి చెప్పు ప్రయాణం'. సముద్రంలో కొట్టుకుపోయిన ఒక చెప్పు తన జోడును వెతుక్కుంటూ పోయే కథ. మాస్టారి వేలికి పట్టీ చుట్టి, ముప్ఫయి అయిదో పేజీ దాకా చదవమని చెప్పి, తను వసారాలోకి వెళ్లి ఫోనులో అంకెలు చూస్తూ కూర్చుంది. ముప్ఫయి ఒకటో పేజీ దగ్గర చెప్పుకు జోడు కనబడుతుంది. కానీ అప్పటికే అందులో ఒక పీత కాపురం పెట్టేసి ఉంటుంది. పటంలో ఆ పేజీ దివిటీలా వెలుగుతుంది.

అరగంట తరువాత ఆమె లోపలికి వచ్చింది. ఒక్క మెరుపూ లేదు.

"నచ్చలేదా మాస్టారూ?"

"అదేం మాట? ఎన్నిసార్లు చదివినా ఆ పీత దగ్గర నాకు కడుపు నిండిపోద్ది. లోపల్లోపల తెగ నవ్వుకున్నాను."

"పట్టీకి తెలియలేదు."

"తెలియకపోతే దానికే నష్టం, నాకేంటి?" అన్నారాయన.

వయసు వల్ల కాబోలు అని ఆమె రాసుకుంటుండగానే ఎనిమిదేళ్ల పిల్ల మరియ కార్డు ఊపుకుంటూ వచ్చింది. దాని జత పిల్లకు జ్వరం. నియమం నియమమే కనుక ఆ పూటకు మాస్టారే తన కార్డు జత కలిపారు. హైమవతి ఈసారి పట్టీ మరియ వేలికి చుట్టింది. ఇద్దరూ చాప మీద కూర్చుని మళ్లీ అదే పుస్తకం తెరిచారు. ముప్ఫయి ఒకటో పేజీ వచ్చింది. మరియ చదివింది. అంకెలు కదలలేదు. పిల్ల కళ్లు పేజీ చివరికి వెళ్లాయి. అప్పటికీ ఏమీ లేదు. అప్పుడు మరియ మోచేత్తో ముసలాయన డొక్కలో ఒక్కటి పొడిచింది.

"తాతా! చూశావా? పీత లోనుంచి గడియ ఏసేసుకుంది! ఇప్పుడా చెప్పు ఏం చేస్తాదో చెప్పుకో!"

"ఏం చేస్తాది? అద్దె అడుగుద్ది."

పిల్ల పకపకా నవ్వింది. మెరుపు వచ్చింది.

ఈసారి హైమవతి వసారాలోకి వెళ్లలేదు, గుమ్మంలో నిలబడే అంకెలు చూసింది. మెరుపు పీత దగ్గర రాలేదు. మోచేతి పోటు దగ్గర వచ్చింది.

*

ప్రయోగశాలలో పటం గీసిన నాటి మూల నమోదులు భద్రంగా ఉన్నాయి. వాటిలో ఏమున్నాయో హైమవతికి కంఠతా వచ్చు: గది వేడిమి, వెలుతురు, పిల్లల వయసు, తిన్న తిండి, నిద్రపోయిన గంటలు. పేజీలో మెరిపించిన వాక్యానికీ మెరుపుకూ మధ్య కొంత జాప్యం ఉండేది. వేలి చర్మం వెచ్చబడడానికి ఆ మాత్రం పడుతుందనుకుని, సగటున నాలుగు సెకన్లు తీసేసి, మెరుపును వెనక్కి జరిపి వాక్యానికి అంటగట్టారు. ఇప్పుడామె సగటు విప్పేసి ఒక్కొక్క మెరుపునూ విడిగా చూసింది. ఒకచోట ఒక సెకను. మరోచోట మూడు. ఇంకోచోట పదకొండు.

"చర్మానికి ఇంత సోమరితనం ఉండదు," అంది హైమవతి. "ఆనాటి శబ్దాలు కూడా తీసుకున్నాం కదా, వినిపించు."

రఫియా వినిపించింది. ప్రతి మెరుపుకూ సరిగ్గా ముందు ఒక గుసగుస ఉంది. ఒరేయ్ చూడరా. అబ్బ, ఇది విన్నావా. ఆగవే, తిప్పకు. నీకు చెప్పలేదూ. వరసగా రెండు వందల మెరుపులు విన్నాక రఫియా చెవుల నుంచి తీగ తీసి బల్ల మీద పెట్టింది.

"మేడమ్, ఒక మాట. నేను చేరిన మొదటి వారం మిమ్మల్ని అడిగినా. ఈ పిల్లలు ఇద్దరిద్దరు ఎందుకు కూర్చుంటారని."

"అడిగావు."

"ఇక్కడంతే అన్నారు."

హైమవతి తల ఊపింది. నిజమే. ఆ గదిలో పెరిగినవాళ్లకు పుస్తకం అంటేనే ఇద్దరు. గాలి ఉందని ఎవరూ రాసుకోనట్టే రెండో పిల్లను ఎవరూ రాసుకోలేదు. ఆమె బృందంలో ముగ్గురు ఒకప్పటి జంటకార్డు పిల్లలే. బయటి నుంచి వచ్చిన ఒక్క మనిషి అడిగితే నవ్వి ఊరుకున్నారు.

పట్టీ పట్టుకున్నది ఆనందాన్ని కాదు. ఆనందాన్ని పక్కవాళ్లకు అందించే క్షణాన్ని. ఒంటరిగా చదువుకునే పిల్లకు ఎంత నచ్చినా అది నచ్చలేదనే చెబుతుంది. చెప్పి ఊరుకోదు, పుస్తకాన్ని చేతిలోంచి లాగేసుకుంటుంది.

ఊహ వేరు, రుజువు వేరు. ఆ తేడా కోసమే ఆమె జీవితమంతా పని చేసింది. మర్నాడే గ్రంథాలయంలో కొత్త పరీక్ష మొదలుపెట్టింది. తొంభై మంది పిల్లలు, ఒకే పుస్తకం. ముప్ఫయి మంది జతలుగా చదవాలి. ముప్ఫయి మంది ఒంటరిగా. మిగతా ముప్ఫయి మంది ఒంటరిగానే, కానీ సాయంత్రం తమకిష్టమైన ఒకరికి ఆ కథ చెప్పాలని ముందే తెలిసి.

"ఒక్క కార్డు మీద నేనివ్వను," అన్నారు పేర్రాజు గారు అరకు అడ్డంగా నిలబడి. "నలభయ్యేళ్లుగా ఇవ్వలేదు."

"నాలుగు రోజులే మాస్టారూ."

"నాలుగు రోజులని మా టగ్గుకి చిన్న గొట్టం ఏసేరు. పదేళ్లుందది."

"మీ నియమం సరైనదని రుజువు చెయ్యడానికే, దాన్ని తప్పిస్తున్నాను."

ఆయన కాసేపు ఆలోచించి పక్కకు జరిగారు. "నేను ఉత్తినే పుస్తకాలు తక్కువై పెట్టేనమ్మా దాన్ని. నువ్వు రుజువులవీ అంటే నాకు సిగ్గేస్తంది."

జతలుగా చదివినవాళ్లలో నూట డెబ్బయి ఒక్క మెరుపులు వచ్చాయి. ఒంటరిగా చదివినవాళ్లలో రెండు. మూడో గుంపులో అరవై ఎనిమిది. అవి కూడా చదువుతున్నప్పుడు కాదు, పిల్లలు పేజీలోంచి తలెత్తి గోడ వైపు చూస్తూ, సాయంత్రం ఎలా చెప్పాలో పెదవులు కదుపుతూ అనుకుంటున్నప్పుడు. ఒంటరిగా చదివిన ముప్ఫయి మందిని తరువాత అడిగితే ఇరవై ఆరుగురు పుస్తకం చాలా బాగుందన్నారు. పట్టీ ఆ ఇరవై ఆరుగురి దగ్గరనుంచీ దాన్ని లాగేసేది.

*

ఫలితాలు వచ్చిన సాయంత్రం హైమవతి ఇంటికి వచ్చేసరికి ఇందుజ వరండా మెట్ల మీద నూట యాభయ్యో పుస్తకంతో కూర్చుని ఉంది. హైమవతి చెప్పులు విప్పకుండానే పక్కన కూర్చుంది.

"ఇందూ, ఇన్ని చదివావు కదా. ఒక్కటైనా బాగా నచ్చిందా?"

ఇందుజ ఆలోచించింది. "ఒకటుంది. రైలుపెట్టెలో పుట్టిన మేకపిల్ల. దానికి ఊరు లేదు. స్టేషన్ వచ్చినప్పుడల్లా ఇదేనా మా ఊరు అని దిగుతుంది. మళ్లీ ఎక్కుతుంది."

"తరువాత?"

"తెలీదు. పట్టీ మార్చమంది."

"నచ్చినప్పుడు ఎందుకు మార్చావమ్మా?"

ఇందుజ తల్లిని వింతగా చూసింది, ఇంత చిన్న విషయం తెలియని పెద్ద మనిషి ఉంటుందా అన్నట్టు.

"నాకు నచ్చిందనే అనుకున్నాను. కానీ పట్టీ నచ్చలేదంది కదా."

అప్పటిదాకా ఆమె లెక్కలలో నష్టం అంటే ముగించని పుస్తకాలు. ఇప్పుడు తెలిసింది అసలు నష్టమేమిటో. తన ఇష్టం తనకు తెలుసునన్న నమ్మకాన్ని ఈ పిల్ల పోగొట్టుకుంది. పన్నెండు బళ్లలో ఇంకెందరు పోగొట్టుకున్నారో. ఆమె కూతురి వేలికున్న పట్టీ విప్పింది. ఏడు నెలలుగా ఉన్నచోట చర్మం తెల్లగా, మెత్తగా ముడతలు పడి ఉంది.

"అయ్యో, ఇప్పుడెలా తెలుస్తుంది?" అంది ఇందుజ, నిజంగానే కంగారుపడుతూ.

*

పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం సంఘం అధ్యక్షులు నరసింగరావు గారు ఇద్దరు సభ్యులతో ప్రయోగశాలకు వచ్చారు. పెద్దమనిషి, చమత్కారి, మనవల కోసం తానే ఒక పట్టీ అడిగి తీసుకున్నవారు. హైమవతి రెండు గంటలసేపు అంకెలు చూపించింది, శబ్దాలు వినిపించింది. తన తప్పు ఎక్కడ మొదలై ఎక్కడికి దారితీసిందో ఒక్క మెట్టూ వదలకుండా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అయితే డాక్టరమ్మగారూ, మీరు చెప్పేది పిల్లకి పక్కన ఒకరుండాలనే కదండీ?"

"అవునండి."

"దానికి ఇంత దిగులెందుకండీ? ఆ ఒక్కరినీ పట్టీలోనే పెట్టేద్దాం. పిల్ల ఒక పేజీ చదవగానే, అబ్బా, తర్వాతేమైంది, అని అడిగే గొంతు ఒకటి. మీ మెరుపులన్నీ తిరిగొచ్చేస్తాయి."

రఫియా చటుక్కున హైమవతి వైపు చూసింది. సాంకేతికంగా అది మూడు నెలల పని. ఉత్తర్వు నిలుస్తుంది, ప్రయోగశాల నిలుస్తుంది, తొమ్మిది మంది ఉద్యోగాలు నిలుస్తాయి. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"వస్తాయండి," అంది హైమవతి. "తప్పకుండా వస్తాయి. పిల్లలు నమ్ముతారు కనుక. ఈ పట్టీ చెప్పింది కూడా నమ్మారు. ఎంత నమ్మారంటే తమ మనసును కూడా కాదనుకున్నారు. పీత గురించి ఎవరికో చెప్పానని పిల్ల సంబరపడుతుంది. అక్కడ వినేవాళ్లు ఎవరూ ఉండరు. వినేవాళ్లు లేరని ఒకరోజు దానికి తెలుస్తుంది. ఆ రోజుకు నేను బాధ్యత వహించలేను."

"మా బడుల్లో పిల్లలు తెరుస్తున్న పుస్తకాలు ఆరు రెట్లయ్యాయండి. కాదంటారా?"

"కాదనను. తెరవడం నేర్పాం, వదిలేయడం నేర్పాం. నచ్చడం మరిపించాం."

నరసింగరావు గారు ప్రామాణికత పత్రాన్ని మెల్లగా ఆమె ముందుకు జరిపారు. "ఈ పథకం లేకపోతే ఈ ప్రయోగశాల ఉండదు. మీకు నేను చెప్పక్కర్లేదు."

"తెలుసండి."

ఆమె పెన్ను తీసింది. సంతకం పెట్టవలసిన చోటును వదిలేసి, పైన ఖాళీలో నాలుగు వాక్యాలు రాసింది: ఈ పరికరం పిల్లల ఇష్టాన్ని కొలవదు. కొలుస్తుందని నేను పొరపడ్డాను. పన్నెండు బళ్లలో ఉన్న పట్టీలన్నీ వెనక్కి తీసుకోవాలి. ఆ బళ్లకు నేనే వెళ్లి పిల్లలకు చెప్పాలి. కింద పేరు రాసి, తేదీ వేసి, ఆయనవైపు తిప్పింది.

"పొరపాటు ఒప్పుకోవడానికి ఒక ఉత్తరం చాలదా అండి?" అన్నారాయన, ఈసారి చమత్కారం లేకుండా.

"ఉత్తరం టీచర్లు చదువుతారు. మోసపోయింది పిల్లలు."

వాళ్లు వెళ్లిపోయాక రఫియా చాలాసేపు బోర్డు తుడుస్తూ ఉండిపోయింది, అక్షరాలు పోయాక కూడా.

"కోపంగా ఉందా?" అంది హైమవతి.

"లేకపోతే? కర్నూల్లో మా అమ్మకు ఏం చెప్పాలి? మా మేడమ్ నిజం చెప్పింది, నాకు పని పోయింది అని చెప్పాలా?" రఫియా గుడ్డ విదిలించి కుర్చీ మీద వేసింది. "చెప్తాలెండి. కానీ ఒకటి. నేను మొదటి వారం అడిగిన ప్రశ్న ఉంది చూడండి, అది నివేదికలో నా పేరుతో రాయండి. మీ జవాబు కూడా రాయండి."

"రెండూ రాస్తాను."

"బళ్లకు ఎప్పుడు పోతున్నాం?"

"సోమవారం. మొదట తాళ్లరేవు."

పన్నెండు బళ్లకూ వెళ్లారు. ప్రతి తరగతిలోనూ హైమవతి నిలబడి, ఈ పట్టీని చేసింది తానేననీ, ఇది తప్పు చెప్పిందనీ, తమకు నచ్చిందని పిల్లలు అనుకున్నదే నిజమనీ చెప్పింది. కొందరు వెంటనే పట్టీ విప్పి ఇచ్చేశారు. కొందరు ఇవ్వలేదు, లాక్కోవలసి వచ్చింది. ఒక ఊళ్లో ఆరో తరగతి పిల్ల ఏడ్చింది: మరి నాకెవరు చెబుతారు? హైమవతి తరగతి వైపు తిరిగి, ఈ అమ్మాయికి ఏ పుస్తకం ఇద్దామని అడిగింది. తరువాత వెనక బెంచీలోంచి ఒక చెయ్యి, అనుమానంగా, సగమే లేచింది.

*

ఇందుజ నెల రోజులు ఏ పుస్తకమూ ముట్టుకోలేదు. హైమవతి బలవంతపెట్టలేదు. ఒక ఆదివారం మాత్రం పేర్రాజు గారి గ్రంథాలయంలో తన కార్డూ కూతురి కార్డూ కలిపి ఇచ్చి, 'దీపస్తంభానికి జలుబు' అనే పాత పుస్తకం ఇంటికి తెచ్చింది. ఓడలకు దారి చూపుతూ, తుమ్మినప్పుడల్లా వెలుగు ఆరిపోయే ఒక దీపస్తంభం, దాని మెడకు చుట్టడానికి తొంభై గజాల శాలువా అల్లే చంద్రి అనే పిల్ల. చిన్నప్పుడు తనకు ప్రాణమైన పుస్తకమని చెప్పి, బల్ల మీద పెట్టి ఊరుకుంది. మూడు రోజులు అది అక్కడే ఉంది. నాలుగో రోజు కనబడలేదు.

శనివారం మధ్యాహ్నం హైమవతి పప్పు తాలింపు వేస్తుండగా ఇందుజ పుస్తకంతో వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, ఇది బాలేదు."

హైమవతి చేతిలో గరిటె ఆగింది. "ఏం బాలేదు?"

"చివర అస్సలు బాలేదు! తొంభై గజాలు ఆ పిల్ల అల్లిందా? మెట్లన్నీ ఎక్కి చుట్టిందా? ఆ ఓడ కెప్టెన్ చివర్లో వచ్చి మిరియాల చారు పోసి జలుబు తగ్గించేశానంటాడా! ఊరంతా అతనికి దండ వేస్తారా! అసలు చారు పోస్తే దీపం ఆరిపోదూ?"

"దండ అతనికి కాదమ్మా. చంద్రికి వేస్తారు. వేశాక దీపస్తంభం తుమ్మితే ఆ పూలన్నీ సముద్రంలో పడతాయి, ఓడలన్నీ వాటిని ఏరుకుంటాయి. అదే కదా అందం."

"వెయ్యరు."

"ముప్ఫయ్యేళ్లుగా నాకు తెలుసు ఇందూ."

"నీకు తెలీదు. నలభయ్యో పేజీ. చూసుకో."

హైమవతి స్టవ్ ఆపి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని పేజీ తెరిచింది. కెప్టెన్ మెడలో దండ ఉంది. చంద్రి బొమ్మలో ఎక్కడో మూలకు, వీపు చూపిస్తూ నిలబడి ఉంది. తుమ్ము లేదు. పూలు లేవు. ఓడలు లేవు. ఆమె మరోసారి చదివింది, వెనక పేజీ తిప్పి చూసింది. ఎక్కడా లేవు.

"ఇది... వరలక్ష్మీ నేనూ మార్చుకుని ఉంటాం," అంది చివరికి. "మాకూ నచ్చి ఉండదు."

ఇందుజ అనుమానంగా చూసింది. తరువాత ఒక్క గెంతులో వంటగట్టు ఎక్కి కూర్చుని, పుస్తకం మూసి పక్కన పెట్టేసింది.

"అయితే మీదే బావుంది. ఆ ఓడలు పూలు ఏరుకున్నాక ఏమైందో మొత్తం చెప్పు."